మధ్య వరుస, ఎడమ చివర

రోజూ సాయంత్రం బస్సులు వెళ్ళిపోయి, గేటు దగ్గర లేచిన దుమ్ము మళ్ళీ నేల మీద సర్దుకుని పడుకున్నాక, పాతరమ్మ గతాన్ని పాతిపెట్టడానికి వెళ్ళేది. చంకలో వెదురు బుట్ట. అందులో కుండ పెంకులు, మట్టి పూసలు, ఎముకతో చేసిన సూది, చిల్లు పడిన ఒక గవ్వ. మర్నాడు పొద్దున పిల్లలు కనిపెట్టబోయే ప్రాచీన నాగరికత అంతా ఆ బుట్టలో పట్టేది. ఇంకా ఆమె మధ్యాహ్నం తినగా ఖాళీ అయిన డబ్బాకి చోటు మిగిలేది.

ఆ చోటుని చరిత్ర తోట అంటారు. బడిపిల్లలు పుస్తకాలు పక్కన పడేసి, చేతులతో తాకి, తవ్వి, బట్టలు పాడుచేసుకుని నేర్చుకోవాలని వేసిన తోట. పొద్దున చరిత్ర, మధ్యాహ్నం ప్రకృతి. చరిత్రకి ఒక ఇసక గుంట, ప్రకృతికి ఒక చిన్న కొలను. కొలనులో నీళ్ళు పచ్చబడకుండా మోటారు పెట్టించాక కప్పలు అలిగి ఎటో వెళ్ళిపోయాయి. అందుకని గడ్డిలో ఒక స్పీకరు దాచారు. పిల్లలు గట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకోగానే షెడ్డులోంచి పాతరమ్మ స్విచ్చి వేసేది. కప్పలు బెకబెకమనేవి. కరెంటు పోయిన రోజున ప్రకృతికి సెలవు.

ఈ పనిలో చేరక ముందు ఆమె ఒక పెద్ద హోటలు వంటింట్లో పింగాణీ పళ్ళేలు కడిగేది. అక్కడ పళ్ళెం అంచు పెచ్చు లేస్తే చాలు, సాయంత్రం దాకా తిట్లు. సబ్బు నురగలో జారిపోయే ఆ తెల్లటి చందమామల్ని వయసంతా గుండెకి హత్తుకుని కాపాడింది. తీరా వేళ్ళు పట్టు తప్పే వయసుకి, పగలగొడితే జీతమిచ్చే ఉద్యోగం దొరికింది.

"కుండ పగలగొట్టగలవా?" అని అడిగింది మేనేజరమ్మ, చేరడానికి వెళ్ళిన రోజున.

"ఎవరి మీద కోపంతోనమ్మా?"

"కోపం లేకుండా. పిల్లల చేతిలో పట్టే ముక్కలు కావాలి. మళ్ళీ అతికిస్తే కుండ అవ్వాలి."

ఆమె కుండని తడి గుడ్డలో చుట్టి, పసిపాపని జోకొట్టినట్టు చెక్క గరిటెతో పొట్ట మీద ఒక్కటి తట్టింది. గుడ్డ విప్పితే ముక్కలు పూరేకుల్లా విడిపోయి ఉన్నాయి. ఉద్యోగం ఖాయమైంది. తర్వాత మిగతా పని నేర్చుకుంది. కొత్త పెంకుల్ని చిక్కటి టీ డికాక్షన్‌లో నానబెట్టడం, ఎండబెట్టడం, పొగ పట్టించడం. దాన్ని ఆమె 'వయసు పోయడం' అనేది. పొద్దున పోస్తే సాయంత్రానికి ఒక వంశం అంతరించినంత పాతబడేవి.

ఇసక గుంట దగ్గర చెప్పేవారు యుగాల మాష్టారు. ఏ పెంకు చేతిలో పెట్టినా ఏదో ఒక యుగం పేరు చెబుతారు కనక పిల్లలే ఆయనకి ఆ పేరు పెట్టారు. కుమ్మరి ఆవం దగ్గర బేరమాడి కుండలు తెచ్చేది ఆయనే. అయినా ఇసకలోంచి పెంకు పైకి తేలగానే ఆయన గొంతు వణికేది, కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. ఆయన అబద్ధమాడుతున్నారని పాతరమ్మ ఎన్నడూ అనుకోలేదు. ఆవులింత రాకుండా రోజూ అదే ఆశ్చర్యం పడటం కూడా చాకిరీయే అనుకునేది.

గుంట మీద తాళ్ళు కట్టి గళ్ళు చేశారు. అడ్డంగా మూడు వరుసలు. పిల్లలు గేటు వైపు నుంచి వచ్చి షెడ్డుకేసి తిరిగి కూర్చుంటారు. పాతరమ్మ షెడ్డు వైపు నుంచి వచ్చి గేటుకేసి తిరిగి పాతుతుంది. వాళ్ళు తవ్వేటప్పుడు షెడ్డు గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడుతుంది. ఇన్నేళ్ళుగా ఒక్కసారైనా ఆ గుంటని పిల్లల వైపు నుంచి చూసిన పాపాన పోలేదు. ఇసక అడుగున మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంటుంది. చరిత్ర అక్కడితో సరి. దాని కింద ఉన్నది ఉత్త నేల.

అన్ని గళ్ళలోనూ పాతకూడదని మేనేజరమ్మ హుకుం. "ఎక్కడ తవ్వినా దొరికితే చరిత్ర అనరు, కిరాణా కొట్టంటారు. కొన్ని ఖాళీగా వదిలెయ్," అనేది. ఇంకో హుకుం, పాతే సంగతి పిల్లల చెవిన పడకూడదు. కడుపున పుట్టిన పిల్లలకైనా చెప్పకూడదు. అందుకే ఇంట్లో మనవరాలికి ఆమె చెప్పుకున్న ఉద్యోగం వేరు. ఊడుస్తాను, అంది. అది అబద్ధం కాదు. చీపురు ఎప్పుడూ చేతిలోనే ఉండేది.

రోజూ పాతే వాటిలో ఒకటి మాత్రం పగలని కుండ, అరచేతిలో కూర్చునేంతది. అది దొరికిన పిల్లో పిల్లాడో పక్కనున్న బండరాయి ఎక్కి, ఎలా దొరికిందో అందరికీ వినిపించేలా చెప్పాలి. ఫోటో తీసి హాల్లో గోడకి పెడతారు. ఆ గోడ మీద ఎందరో పిల్లలు, ఒక్కటే కుండ. ఫోటో అయ్యాక దాన్ని పాతరమ్మ మళ్ళీ పాతిపెట్టేది మరి.

ఇక మనవరాలి సంగతి. ఇంట్లో దాన్ని అందరూ చిలక అంటారు. నిద్రలో కూడా మాట్లాడుతుంది. చెప్పులేసుకుంటూ చెప్పులతో, నీళ్ళు పోసుకుంటూ చెంబుతో మాట్లాడుతుంది. అలాంటిది, ఈ యేడు కొత్త బళ్ళో చేరిందో లేదో, గుమ్మం దగ్గర చెప్పులతో పాటు నోరు కూడా విడిచిపెట్టి లోపలికి వెళ్ళడం మొదలుపెట్టింది. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. అడిగితే తలూపుతుంది. అంతే.

ఆస్పత్రిలో నర్సుగా చేసే కూతురు, డ్యూటీ దిగి బడికి వెళ్ళొచ్చి, బ్యాగు భుజాన ఉండగానే గుమ్మంలో కూలబడింది.

"మీ అమ్మాయికి మాటలొచ్చా అని అడిగిందమ్మా ఆ టీచరు. ఈ నెల చూసి, అప్పటికీ పెదవి విప్పకపోతే కింది తరగతిలో కూర్చోబెడతారట."

"దీనికా? మాటలా?" అంది పాతరమ్మ. లోపలి గదిలో చిలక దిండుతో పోట్లాడుతోంది. "నువ్వు ఇంట్లో దీని నోరు మూయించలేక చస్తున్నావని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. తల్లులందరూ అలాగే చెప్తారంది."

ఆ వారమే తెలిసింది, చరిత్ర తోటకి రాబోయేది చిలక తరగతే అని. పాతరమ్మ పని చేసుకుంటూనే ఆలోచించింది. కుండ చిలకకి దొరకాలి. దొరికితే బండరాయి ఎక్కాలి. ఎక్కితే ఏదో ఒకటి అనక తప్పదు. టీచరు చెవులారా వింటుంది. కింది తరగతి పీడ విరగడవుతుంది. ఇన్నాళ్ళూ ఊరందరి పిల్లలకీ అదృష్టాన్ని పాతిపెట్టిన చెయ్యి, ఒక్క పూట సొంత మనవరాలికి పాతిపెడితే తప్పేమిటి? తప్పే అని ఆమెకీ తెలుసు. తెలిసే, ఆ సాయంత్రం కుండని అన్ని రోజుల కంటే శ్రద్ధగా పాతింది. మధ్య వరుసలో, తన ఎడమ చేతి చివరి గడిలో. పైన ఇసకని అరచేత్తో నిమిరింది, దుప్పటి కప్పినట్టు.

పొద్దున జడ వేస్తూ విషయంలోకి దిగింది.

"ఒసే చిలకా, రాత్రి నాకొక కలొచ్చిందే."

"పాము కలా?"

"పాము కాదు, కుండ. చిన్న కుండ. మధ్య వరుసలో, ఎడమ చివరి గడిలో ఉంది."

"కలలో వరుసలు కూడా కనపడ్డాయా?"

"కనపడ్డాయి. తాళ్ళతో సహా."

"ఆ కలలో నేనున్నానా?"

"నువ్వే తవ్వుతున్నావు. తల కదపకు, పాపిడి వంకర పోతోంది."

"అమ్మమ్మా, నీ వేళ్ళు టీ వాసనొస్తున్నాయి. నువ్వు టీ తాగవుగా."

"ఇంటెడు చాకిరీ చేసే వేళ్ళు, ఏదో ఒక వాసనొస్తాయి. ఎక్కడన్నాను?"

"మధ్య వరుస, ఎడమ చివర," అని ఒప్పజెప్పింది చిలక, గంట కొట్టినంత స్పష్టంగా. ఆ గొంతు ఆ టీచరమ్మ ఒక్కసారి వింటే చాలు అనుకుంది పాతరమ్మ.

బస్సు వచ్చింది. పిల్లలు దిగి, మాష్టారి ఉపన్యాసం విని, తలా ఒక చిన్న తాపీ, ఒక కుంచె పట్టుకుని గుంట దగ్గర నిలబడ్డారు. షెడ్డు గుమ్మంలో చీపురు పట్టుకున్న ముసలావిడ తమ చిలక అమ్మమ్మ అని ఎవరికీ తెలీదు. చిలక కూడా తెలియనట్టే ఊరుకుంది.

"నచ్చిన గడి దగ్గర కూర్చోండి," అన్నారు మాష్టారు.

చిలక ఎవరి కోసమూ ఆగలేదు. తిన్నగా మధ్య వరుసకి నడిచింది. అక్కడ ఒక్క క్షణం తన చేతుల కేసి చూసుకుంది, ఏది ఎడమో ఖాయం చేసుకోవడానికి. చూసుకుని, పాతరమ్మకి కుడి చేతి వైపున్న చివరి గడి ముందు కూర్చుంది.

పాతరమ్మకి తన ఎడమ పిల్లకి కుడి అవుతుందని, పట్టపగల్లాంటి ఆ సంగతి, అప్పుడు తెలిసొచ్చింది. పైగా అది ఖాళీ గడి. షెడ్డు పక్క కొళాయి కారి కారి అక్కడ అడుగున పట్టా చివికిపోయిందని, కొన్నాళ్ళుగా ఆమె అందులో ఏమీ పెట్టడం లేదు.

అరిచి చెప్పడానికి లేదు. వేలు చూపడానికి లేదు. చేతిలో ఉన్నది చీపురు. దానితో కుడి నుంచి ఎడమకి ఊడవడం మొదలుపెట్టింది. అటు, అటు అన్నట్టుగా పొడుగ్గా, బలంగా ఊడ్చింది. దుమ్ము లేచి గుంట మీద మబ్బులా వాలింది.

"ఏమిటమ్మా ఇది, ఇప్పుడా ఊడ్చేది?" అన్నారు మాష్టారు కళ్ళు నలుపుకుంటూ. "యుగాలన్నీ కళ్ళల్లో పడుతున్నాయి."

చిలక తలెత్తింది. అమ్మమ్మ కేసి చూసి, సరేలే అన్నట్టు తలూపి, ఇంకా గట్టిగా తవ్వడం సాగించింది.

పాతరమ్మ ఎడమ చేతి వైపు గడిలో కూర్చున్నది క్లాసు లీడరు. అన్నిట్లో ఫస్టొచ్చే పిల్ల, బూట్ల లేసులు కూడా సమానంగా కట్టుకునే పిల్ల. ఆవులించేలోపు దాని కుంచె దేనికో తగిలింది.

"సార్, గుండ్రంగా ఉంది."

మాష్టారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. గొంతు వణికింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏ తల్లి చేతి కుండో, ఏ ఏటి నీళ్ళు తాగిందో, ఎన్ని వేల వెన్నెలలు దీని మీద గడిచాయో అన్నారు. పాతరమ్మకి దాని తల్లీ తండ్రీ తెలుసు. పాత కుండ మొన్న మాష్టారి చేతిలోంచే జారి పగిలితే, ఆవం దగ్గర నుంచి తెచ్చిన కొత్త కుండ అది. నిన్ననే వయసు పోసుకుంది. మామూలు రోజైతే ఆ మాటలు ఆమెకి జోలపాటలా హాయిగా ఉండేవి. ఇవాళ ఒక్కో వెన్నెలా వచ్చి నెత్తిన మొట్టినట్టుంది.

లీడరు బండరాయి ఎక్కింది. "గౌరవనీయులైన ఉపాధ్యాయులకు, నా తోటి విద్యార్థులకు," అని అందుకుంది. టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. పిల్లలందరూ తాపీలు పడేసి బండరాయి చుట్టూ చేరారు. చిలక పక్కన కూర్చున్న పిల్ల కూడా లేచిపోయింది.

చిలక ఒక్కతే మిగిలింది. తవ్వుతూనే ఉంది. అమ్మమ్మకి కలొచ్చిందంటే ఉండి తీరాలి. ఇసక అయిపోయి పట్టా తగిలింది. పట్టా చిరుగులోంచి చెయ్యి దూర్చింది. అక్కడ నేల నల్లగా, చల్లగా, మెత్తగా ఉంది. మోచేతి దాకా పోయిన ఆ చెయ్యి ఉన్నట్టుండి ఆగింది. షెడ్డు గుమ్మంలో పాతరమ్మ ఊపిరి కూడా దానితోపాటే ఆగింది.

చెయ్యి మెల్లగా బయటికి వచ్చింది. గుప్పిట్లో గుప్పెడు బురద. ఆ బురదకి రెండు కళ్ళున్నాయి.

చిలక రెండో అరచెయ్యి దాని కింద పట్టింది. మట్టి రంగు కప్ప. ఒంటి మీద అక్కడక్కడా పొక్కులు. గొంతు కింద చర్మం చిన్నగా, మరీ చిన్నగా కొట్టుకుంటోంది. అది ఒక కన్ను తెరిచి, ఈ లోకాన్ని చూసి, ఇంకా పొద్దుందిలే అన్నట్టు మూసుకుంది.

బండరాయి దగ్గర వెనక వరుసలో ఉన్న పిల్లాడు యథాలాపంగా తిరిగి చూశాడు. నోరు తెరవబోయాడు. చిలక చేతులు ఖాళీ లేవు, అందుకని ముక్కు ముడిచి, కనుబొమలు ఎగరేసి, "ష్" అంది. వాడు నోరు మూసుకుని మునివేళ్ళ మీద వచ్చాడు. వాడి వెనక ఇంకొకడు. ఆ వెనక జడల పిల్లలిద్దరు. నీళ్ళలో రంగు పాకినట్టు ఆ నిశ్శబ్దం వెనక వరుస నుంచి ముందుకి పాకింది. బండరాయి మీద లీడరు, "ఓర్పుతో ప్రయత్నిస్తే," దాకా వచ్చి, వినేవాళ్ళు లేరని గమనించి, కుండని చంకన పెట్టుకుని తనూ దిగివచ్చింది.

టీచరమ్మ గొంతు పెంచింది. "ఏమిటిది? అందరూ ఎందుకు నోళ్ళు మూసుకున్నారు?"

ఆ ప్రశ్న ఆవిడ ఉద్యోగంలో చేరాక అడగడం అదే మొదలు.

"మెల్లిగా టీచర్," అంది చిలక. "పడుకుంది."

టీచరమ్మకి ఆ మాట ఎవరన్నారో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"సార్, ఇది ఏ యుగంది?" అని గుసగుసగా అడిగాడొక పిల్లాడు.

మాష్టారు కళ్ళజోడు తీశారు, తుడుచుకోలేదు, మళ్ళీ పెట్టుకున్నారు. "ఇది," అన్నారు, "ఇప్పటిదే నాన్నా."

తర్వాత ఏమైందో పాతరమ్మ చూసింది కానీ వినలేకపోయింది. కప్ప లేస్తుందని ఎవరూ గొంతు ఎత్తడం లేదు. తలలన్నీ ఒక్కచోటికి వంగాయి. ఆ తలల మధ్య చిలక పెదాలు కదులుతున్నాయి. ఒకరేదో అడగడం, పెదాలు కదలడం. ఇంకొకరు, మళ్ళీ పెదాలు. జీవితంలో మొదటిసారి ఆమెకి మనవరాలి మాటలు వినాలని అంత దాహం వేసింది. ఇంట్లో ఉచితంగా, నాన్‌స్టాప్‌గా దొరికే మాటలే అవి. ఎవరో పెద్దమనిషి ఇంట కచేరీ జరుగుతుంటే గోడ బయట నిలబడ్డట్టుంది ఆమె పని.

చివరికి చిలక కప్పని దాని చోట్లోనే దింపి, తడి మట్టి కప్పి, పైన ఇసక పరిచి, అరచేత్తో నిమిరింది. ఆ నిమరడం చూసి పాతరమ్మ చీపురు కేసి తల దించుకుంది.

మధ్యాహ్నం కొలను గట్టు మీద పిల్లలు కళ్ళు మూసుకున్నారు. షెడ్డులోంచి ఆమె స్విచ్చి వేసింది. బెకబెకలు లేచాయి.

"ఇన్ని అరుస్తున్నాయి, ఒక్కటీ కనపడదేం?" అన్నాడొకడు.

చిలక కళ్ళు మూసుకోలేదు. గడ్డిలోకి చూస్తోంది. "అవి వైరు కప్పలు," అంది, గట్టంతా వినిపించేలా. "అటు చూడు, నల్ల వైరు. నిజం కప్పయితే మనల్ని చూసి నోరు మూసుకునేది."

గట్టంతా నవ్వింది. పాతరమ్మ గబుక్కున స్విచ్చి ఆపింది. కప్పలన్నీ ఒక్కసారే, ఒక్క గొంతుతోనే, మౌనం వహించాయి. పిల్లలు ఇంకా నవ్వారు.

బస్సు ఎక్కబోతూ టీచరమ్మ మేనేజరమ్మతో అంటుంటే ఆమె చెవిన పడింది. "ఆ పిల్ల మాట్లాడిందండీ. కింది తరగతి మాట ఇంక లేదు. మరీ పట్టించుకోకుండా వదిలేశాను చూశారూ, ఆ పద్ధతి పనిచేసింది."

బస్సు వెళ్ళిపోయింది. దుమ్ము పడుకుంది. హాల్లో మేనేజరమ్మ ఆ రోజు ఫోటో పెడుతోంది. ఫోటోలో లీడరు కుండ పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది. చుట్టూ ఉన్న పిల్లలందరివీ వీపులే. కుండ పట్టుకున్న పిల్ల కళ్ళు కూడా కెమెరా కేసి లేవు, ఫ్రేము బయటికి, కింద ఎక్కడికో చూస్తున్నాయి.

"ఏమ్మా," అంది మేనేజరమ్మ, "ఆ కప్ప ఐడియా నీదేనా? బాగుంది. మాష్టారికి కూడా చెప్పలేదట. రేపటి బడికి కూడా పెట్టగలవా?"

"దాన్ని అడిగి చెప్తానమ్మా," అంది పాతరమ్మ.

బుట్ట తీసుకుని గుంట దగ్గరికి వెళ్ళింది. షెడ్డు వైపు నుంచి కాదు. చుట్టూ తిరిగి, గేటు వైపున, పిల్లలు కూర్చునే చోట కూర్చుంది. కొళాయి, షెడ్డు, గుమ్మం, గుమ్మానికి ఆనించిన చీపురు, అన్నీ ఎదురుగా ఉన్నాయి. రోజూ వీళ్ళు తవ్వుతూ తలెత్తితే కనపడేది ఇదన్నమాట, ఒక చీపురు, దాని వెనక తను. ఆ చివరి గడి జోలికి పోకుండా మిగతావి పాతి లేచింది.

ఇంటికి వచ్చేసరికి చిలక వెనక గుమ్మంలో కూర్చుని గోళ్ళలో మట్టి తీసుకుంటోంది. పాతరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన చతికిలబడింది.

"అంతసేపు ఏం చెప్పావే వాళ్ళకి?"

"ఏదో చెప్పాను. చాలా అడిగారు."

"నా సంగతి చెప్పావా?"

"నువ్వు అక్కడ ఊడుస్తావని?" చిలక తలెత్తలేదు. "లేదు. కుండ నువ్వు పెడతావని కూడా చెప్పలేదు."

చెంబులోంచి నీళ్ళు పోస్తున్న చెయ్యి ఆగింది.

"నీకెవరు చెప్పారే?"

"కలలో తాళ్ళెందుకుంటాయి అమ్మమ్మా?" అంది జాలిగా. "కానీ నీ ఎడమ తప్పు. పై క్లాసులో చెప్తార్లే, నేర్చుకుందువు."

పాతరమ్మ పిల్ల చేతుల మీద నీళ్ళు పోసింది. నల్లటి మట్టి వేళ్ళ సందుల్లోంచి జారి పోతోంది. చిలక కాసేపు దాన్నే చూసి, గొంతు తగ్గించింది. ఆ పూట అంతసేపు ఆగి అడిగిన మాట ఇదొక్కటే.

"కప్పని కూడా నువ్వే పెట్టావా?"

"లేదే తల్లీ."

"నిజంగా?"

"నీ మీదొట్టు. అక్కడొకటి ఉందనే నాకు తెలీదు."

"మరి ఎవరు పెట్టారు?"

ఇన్నేళ్ళుగా పిల్లలకి దొరికినవన్నీ తన చేతి మీదుగా వెళ్ళినవే. ఆ ప్రశ్నకి ఎప్పుడూ జవాబు తనే. ఇవాళ ఎంత వెతుక్కున్నా చెప్పడానికి పేరు దొరకలేదు.

"ఎవరూ పెట్టలేదు," అంది. "అదే వచ్చి పడుకుంది."

చిలక ఆ మాటని నాలుక మీద కాసేపు ఉంచుకుంది. తర్వాత తడి చేతులు గౌనుకి తుడుచుకుని, కాళ్ళు బారజాపుకుని, కప్ప కళ్ళ రంగు దగ్గర నుంచి మొదలుపెట్టింది. కూతురు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ, "అబ్బ, కాసేపు ఆపవే," అన్నా ఆపలేదు. పాతరమ్మ చెంబు పక్కన పెట్టి, గోడకి ఆనుకుని, ఒక్క మాట పోకుండా వింది.